మిర్చి సీజన్‌లో గూగుల్ షీట్స్: ఎనుమాముల అడ్తి దుకాణం నుంచి ఒక సమీక్ష

రైతు సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో లెక్కల పుస్తకానికి పరీక్ష ఒక్కటే. కాంటా అయిపోయి, దడువాయి తూకం రాసిచ్చి, రైతు గల్లాపెట్టె ముందుకు వచ్చి నిలబడ్డాక అతని చేతికి వెళ్లే అంకె సరిగ్గా ఉండాలి, వెంటనే రావాలి. ఆ మనిషి ఏ ఏటూరునాగారంలోనో మహదేవ్‌పూర్‌లోనో చీకటితోనే బండి ఎక్కి వచ్చి ఉంటాడు. ఏడాది కష్టమంతా ఆ కాగితం మీద ఉంటుంది. నెట్‌లో ఉండే గళ్ల లెక్కల కాగితం గూగుల్ షీట్స్‌ను, దాని ఫైళ్లు నిలవ ఉండే డ్రైవ్‌ను, ఆ రెండింటినీ మా కౌంటర్ దాకా తెచ్చే రౌటర్‌నూ వైర్లనూ నేను ఈ ఒక్క కొలతతోనే చూశాను. అందుకే ఈ సమీక్షలో రంగురంగుల చార్టుల గురించి ఏమీ ఉండదు.

మాది వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో అడ్తి వ్యాపారం. లైసెన్సు మా మామయ్యది, లెక్కలు రాసేది నేను. అక్టోబరు నుంచి పత్తి వస్తుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి తాకిడి. తేజ, వండర్ హాట్, చపాటా రకాలు ఒకే ఉదయం దిగుతాయి. ఉదయం మొదటి వేలమైన జెండా పాట ఒక ధర పలికితే, ఆ తర్వాత కుప్పకో ధర కుదురుతుంది. ఒకే రైతు తెచ్చిన సరుకులోనే మూడు ధరలు ఉండవచ్చు. అందులోంచి హమాలీ కూలి, దడువాయి రుసుము, కమీషన్, విత్తనాలప్పుడు తీసుకున్న బాకీ పోగా మిగిలింది అతనికి చెల్లించాలి. వీటన్నిటినీ మామయ్య దశాబ్దాలపాటు చిట్టాలోనూ ఖాతా పుస్తకంలోనూ రాశారు. ఆయన రాసిన పేజీలో కొట్టివేత కనిపించడం అరుదు. అలాంటి చేతిరాత స్థానంలోకి వచ్చే వస్తువు ఏదైనా కనీసం అంత నమ్మకంగా ఉండాలి.

తీర్పు ముందే చెప్పేస్తాను. ముగ్గురు మనుషులు మూడు చోట్ల నుంచి ఒకే లెక్కను చూడాల్సిన దుకాణానికి షీట్స్ చాలా మంచి వస్తువు. డబ్బు పెట్టకుండా ఇంత పని చేసేది దొరకడం కష్టం. అయితే ఖాళీ షీటును తెరిచి అంకెలు నింపేస్తే అది లెక్కల పుస్తకం కాదు. కొన్ని కట్టుబాట్లు దానిలోనే బిగించి పెట్టాలి. అవి లేకపోతే చిట్టాయే మేలని నేనే చెబుతాను.

స్ప్రెడ్‌షీట్ అనే ఆలోచన పుట్టిందే గుమాస్తాల గళ్ల కాగితం నుంచి. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ ఆపిల్ 2 కంప్యూటర్ కోసం విజికాల్క్‌ను తెచ్చారు. ఒక గడిలో అంకె మారిస్తే దాని మీద ఆధారపడిన గడులన్నీ తమంతట తామే మారడం అందులోని గొప్పతనం. నలభై ఏళ్లు దాటినా ఈ పని తీరు మారలేదు. 2006లో మొదలైన గూగుల్ షీట్స్ చేసిందేమిటంటే, ఆ గళ్ల కాగితాన్ని ఎవరి కంప్యూటర్‌లోనూ కాకుండా నెట్‌లో ఉంచి, ఒకేసారి పలువురు రాసుకునేలా చేయడం. మా దుకాణానికి కావలసింది సరిగ్గా అదే. గోదాము దగ్గర మా మరిది ఫోనులో తూకం ఎక్కిస్తాడు. కౌంటర్ దగ్గర నాకు ఆ వరస వెంటనే కనిపిస్తుంది. సాయంత్రం ఇంట్లో మామయ్య ట్యాబులో ఆ రోజు లెక్కంతా చూసుకుంటారు. ఇదివరకు గోదాము నుంచి చీటీ రావాలి, చీటీ తడవకూడదు, చీటీ మీద 1 అంకె 7 లాగా కనిపించకూడదు.

ఇక పైసల సంగతి. దీని మీద కాసేపు ఆగాలి, ఎందుకంటే స్ప్రెడ్‌షీట్ వాడే దుకాణాల్లో రైతుతో మాటామాటా పెరిగేది ఎక్కువగా ఇక్కడే. ఎలక్ట్రానిక్ కాంటా వంద గ్రాముల దాకా చూపిస్తుంది కాబట్టి క్వింటాళ్లలో రాసినప్పుడు బిందువు తర్వాత మూడు అంకెలు వస్తాయి. ఉదాహరణకు 7.912 క్వింటాళ్లు 14,200 ధరకు, 5.162 క్వింటాళ్లు 16,700 ధరకు, 3.923 క్వింటాళ్లు 13,800 ధరకు పోయాయనుకుందాం. మొదటిది 1,12,350 రూపాయల 40 పైసలు, రెండోది 86,205 రూపాయల 40 పైసలు, మూడోది 54,137 రూపాయల 40 పైసలు. పైసలు కనిపించకుండా గడి రూపం మారిస్తే షీటులో 1,12,350, 86,205, 54,137 అని పడతాయి. ఈ మూడింటినీ చేత్తో కూడితే 2,52,692. షీటు కింద చూపించే మొత్తం మాత్రం 2,52,693. లోపల దాగి ఉన్న మూడు నలభై పైసలు కలిసి రూపాయి దాటాయి, అంతే. కానీ కౌంటర్ ముందు నిలబడి వేళ్ల మీద కూడుకునే రైతుకు ఈ వివరణ పనికిరాదు. అతనికి కనిపించేది తప్పు కూడిక. ఇక్కడ రూపాయి తప్పితే ఇంకెక్కడ ఎంత తప్పిందోనని అనుమానం వస్తుంది, ఆ అనుమానం న్యాయమైనదే.

నేను దీన్ని చూపించినప్పుడు మామయ్య అన్న మాట ఇది: "కనబడే అంకె ఒకటి, లోపల ఉన్న అంకె ఒకటి అయితే అది లెక్క కాదు బిడ్డా." ఆయన ఒక నియమం చెప్పారు. సరుకు విలువ ప్రతి వరసలోనూ పై రూపాయికి సర్దాలి, కోతలు ప్రతి వరసలోనూ కింది రూపాయికి సర్దాలి. పైసలు ఎప్పుడూ రైతు వైపే ఉండాలి. షీట్స్‌లో దీనికి పైకి సర్దే రౌండప్, కిందికి సర్దే రౌండ్‌డౌన్ అనే సూత్రాలు (ఫార్ములాలు) ఉన్నాయి. వరసల్లోనే సర్దేసి ఆ తర్వాత కూడితే పై ఉదాహరణలో 1,12,351, 86,206, 54,138 కలిసి 2,52,695 అవుతాయి. చేత్తో కూడినా అంతే, షీటు కూడినా అంతే. గడి రూపం మార్చడం అంకెను మార్చదు, సూత్రం మాత్రమే అంకెను మారుస్తుంది. స్ప్రెడ్‌షీట్ నేర్పే చోట మొదటి పాఠం ఇదే కావాలని నా కోరిక.

ఇంతకన్నా ప్రమాదమైనది బ్యాంకు ఖాతా నంబరు. ఇప్పుడు చెల్లింపులు ఎక్కువగా ఖాతాలకే వెళ్తున్నాయి కాబట్టి ప్రతి రైతు నంబరూ షీటులో ఉంటుంది. స్ప్రెడ్‌షీట్ దాన్ని మామూలు అంకె అనుకుంటుంది. ముందు సున్నా ఉంటే తీసేస్తుంది. 15 అంకెలు దాటితే ఆ తర్వాతి అంకెలను గుర్తుపెట్టుకోలేక సున్నాలు పెట్టేస్తుంది. షీట్స్ అయినా ఎక్సెల్ అయినా ఇంతే, అంకెలను నిలవ చేసే పద్ధతే అలాంటిది. డబ్బు వేరే చోటికి పోవడానికి ఈ ఒక్కటి చాలు. మందు సులువైనదే: ఖాతా నంబర్ల నిలువు వరసను అంకెలు ఎక్కించక ముందే ఫార్మాట్ మెనూలో సాదా పాఠ్యంగా మార్చాలి. ఎక్కించాక మారిస్తే పోయిన అంకెలు తిరిగి రావు. నంబరు గడిలో ఎడమ వైపుకు అతుక్కుని కనిపిస్తే పాఠ్యంగా ఉన్నట్టు, కుడి వైపుకు జరిగితే అంకెగా ఉన్నట్టు. ఆ చూపు అలవాటైతే సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

పేర్ల విషయం మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నెక్కొండ వైపు ఒక కొమురయ్య, పర్వతగిరి వైపు ఇంకో కొమురయ్య, ఆత్మకూరులో మరొకరు. ఒకరు కొమురయ్య అని రాస్తే ఇంకొకరు కొమరయ్య అని రాస్తారు. మనిషి కంటికి రెండూ ఒకటే, షీటుకు మాత్రం వేర్వేరు మనుషులు. పేరు చివర ఒక ఖాళీ పడినా వేరే మనిషే. ఆ ఖాళీలను తీసేయడానికి ట్రిమ్ సూత్రం ఉంది, కానీ అది అక్షర భేదాన్ని సరిచేయలేదు. అందుకే మా షీటులో ప్రతి రైతుకూ ఊరి పేరులోని మొదటి అక్షరాలతో, వరస సంఖ్యతో ఒక గుర్తు ఉంటుంది. తూకం ఎక్కించే చోట పేరు రాయనివ్వం. జాబితాలోంచి గుర్తును ఎంచుకోవాలి. డేటా వాలిడేషన్ అనే సౌకర్యంతో ఆ జాబితా గడిలోనే తెరుచుకుంటుంది, జాబితాలో లేనిది రాస్తే ఒప్పుకోదు. తెలుగులో రాసిన పేర్లు ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ ఒకే తీరుగా కనిపించడం నాకు బాగా నచ్చింది. రైతు తన పేరును తన లిపిలో చూసి సరిపోల్చుకోగలడు.

ఆ గుర్తును బట్టి ఖాతా వివరాలు తెచ్చే సూత్రాల్లో వీలుకప్ (VLOOKUP) అందరికీ తెలిసినది. దానిలో ఒక మెలిక ఉంది. సూత్రంలో ఇచ్చే చివరిదైన నాలుగో విలువను వదిలేస్తే అది సరిగ్గా సరిపోయేదాన్ని కాకుండా దగ్గరలో ఉన్నదాన్ని తెస్తుంది, అదీ జాబితా వరస క్రమంలో ఉందని నమ్మి. చెల్లింపుల విషయంలో దగ్గరలో ఉన్న మనిషి అంటే తప్పు మనిషి. నాలుగో స్థానంలో సున్నా పెట్టి తీరాలి. కొత్తగా వచ్చిన ఎక్స్‌లుకప్ (XLOOKUP) ఏమీ చెప్పకపోయినా సరిగ్గా సరిపోయేదాన్నే వెతుకుతుంది కాబట్టి నేను దాన్నే వాడుతున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నేరుగా ఎక్స్‌లుకప్ నేర్చుకోవడం మంచిది.

కమీషన్ శాతం, హమాలీ రేటు లాంటివి ప్రతి వరసలోనూ రాయకూడదు. ఒక పక్క షీటులో ఒక గడిలో ఉంచి, సూత్రంలో ఆ గడి పేరుకు డాలర్ గుర్తులు పెట్టి బిగించాలి. అప్పుడు సూత్రాన్ని కిందికి లాగినా గడి జారిపోదు. రేటు మారినప్పుడు ఒక్క చోట మారిస్తే సరిపోతుంది. అయితే పాత తేదీల లెక్కలు కూడా దానితోపాటు మారిపోతాయి, కాబట్టి రేటు మారిన నాడు కొత్త షీటు తెరవాలి లేదా తేదీని బట్టి రేటు తెచ్చే పట్టిక పెట్టుకోవాలి. తేదీల గురించి ఇంకొక్క మాట: ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఏ దేశపు పద్ధతో చెప్పే లొకేల్‌ను భారతదేశానికి మార్చకపోతే ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అయి కూర్చోవచ్చు. మిర్చి సీజన్ నడిమధ్యలో ఆ రెండు తేదీలూ ఉంటాయి, ఎవరి కంటికీ దొరకదు.

షీట్స్‌లో నాకు అన్నిటికన్నా విలువైనది వెర్షన్ హిస్టరీ. ఏ గడిని ఎవరు, ఎప్పుడు, ఎంత నుంచి ఎంతకు మార్చారో అది చూపిస్తుంది. గడి మీద కుడి క్లిక్ చేస్తే ఆ గడి చరిత్ర ఒక్కటే కూడా చూడవచ్చు. చిట్టాలో కొట్టివేత కనిపిస్తుంది కాబట్టే దానికి విలువ, తెల్ల రంగు పూసిన పేజీని ఎవరూ నమ్మరు. కంప్యూటర్ లెక్క అంటే గుట్టుగా మార్చేస్తారనే భయం యార్డులో ఉంది. ఒక రోజు మామయ్య ముందు కూర్చుని, తూకం గడి చరిత్ర తెరిచి చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. ఆ రోజు నుంచి సాయంత్రం లెక్క ట్యాబులోనే చూస్తున్నారు. దీనికి తోడుగా ప్రొటెక్ట్ సౌకర్యంతో సూత్రాలున్న వరసలకు తాళం వేశాను. గోదాము వైపు వాళ్లు తూకం, బస్తాల సంఖ్య, రకం తప్ప మరేదీ ముట్టుకోలేరు. అయితే ఎవరు మార్చారన్నది తెలియాలంటే ఎవరి ఖాతాతో వాళ్లు రావాలి. అందరూ ఒకే పాస్‌వర్డ్‌తో తెరిస్తే చరిత్రలో అందరిదీ ఒకే పేరు ఉంటుంది, ఇంత మంచి సౌకర్యం వృథా అయిపోతుంది.

పరిమాణం విషయానికి వస్తే ఒక షీట్స్ ఫైలులో కోటి గడుల దాకా పడతాయి. ఎక్సెల్‌లో ఒక షీటుకు 10,48,576 వరసలు, పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లలో 65,536 మాత్రమే. 20 నిలువు వరసలతో 20 వేల వరసలు రాసినా 4 లక్షల గడులే అవుతాయి కాబట్టి అడ్తి దుకాణానికి హద్దు అనేది రాదు. కానీ ఫైలు పెరిగేకొద్దీ ఫోనులో తెరుచుకోవడం నెమ్మదిస్తుంది. పత్తికి ఒకటి, మిర్చికి ఒకటి, ఏడాదికి కొత్తవి. అంతకు మించి ఆలోచించే పని లేదు.

ఇప్పుడు వైర్ల సంగతి. షీట్స్ బాగోలేదని మా యార్డులో వినిపించే మాటల్లో చాలావరకు నిజానికి వైఫై గురించినవి. మా దుకాణంలో ముందు గది, మధ్యలో లావు గోడ, వెనక గోదాము, గోదాముకు ఇనుప షట్టరు. ఇనుము వైఫైకి గోడకన్నా పెద్ద అడ్డం. రౌటర్ ఇచ్చే రెండు బ్యాండ్లలో 5 గిగాహెర్ట్జ్‌కు వేగం ఎక్కువ, గోడ దాటే శక్తి తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది కానీ దానిలో ఒకదానిలో ఒకటి కలవని ఛానళ్లు 1, 6, 11 మూడే. యార్డులో ప్రతి దుకాణానికీ ఒక రౌటర్ ఉన్నప్పుడు ఆ మూడింటి మీదే అందరూ పడతారు. మిర్చి రోజుల్లో ఉదయం పూట వైఫై గుర్తు నిండుగా ఉండి కూడా షీటు తిరుగుతూ ఉండిపోవడానికి కారణం ఇదే.

అందుకే కౌంటర్ కంప్యూటర్‌కు వైరే ఉండాలని పట్టుబట్టాను. ఫైబర్ వచ్చి దిగే ఓఎన్‌టీ పెట్టె, దాని పక్కన రౌటర్, రౌటర్ నుంచి, ఒక వైరును పలు వైర్లకు పంచే టీపీ-లింక్ వారి టీఎల్-ఎస్‌జీ108 స్విచ్. ఎనిమిది పోర్టులు, ఇనుప డొక్కు, ఫ్యాను లేదు. మిర్చి ఘాటూ దుమ్మూ ఉన్న చోట ఫ్యాను లేకపోవడం పెద్ద సుగుణం, లోపలికి దుమ్మును లాక్కునేది ఏదీ లేదు. పెట్టి వదిలేస్తే పని చేస్తుంది, సెట్టింగులు లేవు. దాని నుంచి ఒక వైరు కౌంటర్‌కు, ఒకటి ప్రింటర్‌కు, ఒకటి గోదాము చివర పెట్టిన చిన్న వైఫై పెట్టెకు. షట్టరు అవతల మా మరిది ఫోనుకు సిగ్నల్ ఇచ్చేది ఆ పెట్టే.

వైరు కొనడంలో మాత్రం జాగ్రత్త. నగరంలో ఒక దుకాణం వాళ్లు మాకు స్వచ్ఛమైన రాగి అని చెప్పి, రాగి పూత పూసిన అల్యూమినియం తీగ ఇచ్చారు. చాకుతో తీగ చివర గీకితే పైన ఎర్రగా, లోపల తెల్లగా కనిపించింది. చుట్టను చేత్తో ఎత్తినా తేలిగ్గా ఉంటుంది. అలాంటి తీగ వంపుల దగ్గర త్వరగా విరుగుతుంది, దూరం పెరిగితే సిగ్నల్ బలహీనపడుతుంది. నెట్‌వర్క్ కేబుల్ ప్రమాణాలు కోరేది పూర్తి రాగినే. చుట్టను తిరిగి ఇచ్చేసి, వేరే చోట ధర ఎక్కువైనా అసలైన క్యాట్ 6 రకం కేబుల్ తెచ్చుకున్నాం. గోదాములో ఎలుకలుంటాయి కాబట్టి దాన్ని పీవీసీ గొట్టంలో నడిపించాం. రౌటర్ లేదా స్విచ్ నుంచి చివరి దాకా 100 మీటర్లు మించకపోతే చాలు, యార్డులో ఏ దుకాణమూ అంత పొడవు ఉండదు.

వైరు చివర ప్లాస్టిక్ కనెక్టర్ బిగించే పనివాడు రంగుల వరస తప్పకూడదు. ఎక్కువ చోట్ల వాడే పద్ధతిలో తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. ఎనిమిది తీగల్లో నీలం, గోధుమ జతల్లోది ఒకటి సరిగ్గా అంటకపోయినా నెట్ వచ్చేయవచ్చు, అందుకే తప్పు దొరకదు. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగానికి ఎనిమిదీ కావాలి, 100 ఎంబీపీఎస్‌కు నాలుగు చాలు. విండోస్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ తెరిచి లింక్ స్పీడ్ చూస్తే 1000 ఉండాల్సిన చోట 100 కనిపిస్తే బిగింపు మళ్లీ చేయించాలి. షీటుకు ఆ వేగం అక్కర్లేదు, నిజమే. షీటు పంపేది, తెచ్చుకునేది చాలా కొంచెం. దానికి కావలసింది తెగిపోకుండా ఉండడం. కానీ ఈ రోజు నాలుగు తీగల మీద నడుస్తున్న వైరు రేపు మిర్చి బస్తా తగిలి పూర్తిగా ఆగిపోయే వైరు.

కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ తన బ్యాటరీ మీద నడుస్తుంది, రౌటర్ ఆగిపోతుంది. రౌటర్‌కూ ఓఎన్‌టీకీ కలిపి ఒక చిన్న డీసీ యూపీఎస్ పెట్టాం. కొనేటప్పుడు రెండు పెట్టెల అడాప్టర్ల మీద రాసిన వోల్టులు చూడాలి, అవి యూపీఎస్ ఇచ్చే వోల్టులతో కచ్చితంగా సరిపోవాలి. ఆంపియర్లు మాత్రం యూపీఎస్‌వి ఎక్కువున్నా ఫరవాలేదు, తక్కువ ఉండకూడదు. స్విచ్‌ను మరిచిపోతే కౌంటర్ ఆగిపోతుంది, దానికీ కరెంటు కావాలి. ఫైబరే తెగితే ఫోను హాట్‌స్పాట్ ఉంది. అదీ లేనప్పుడు షీట్స్ ఆఫ్‌లైన్‌లో పని చేయగలదు, కానీ క్రోమ్‌లోనో ఎడ్జ్‌లోనో ఆఫ్‌లైన్ పొడిగింపు ముందే పెట్టుకుని ఉండాలి. నెట్ పోయాక పెట్టుకోవడం కుదరదు. ఇద్దరు ఒకే గడిని ఆఫ్‌లైన్‌లో మారిస్తే చివరికి ఒకరిదే మిగులుతుంది కాబట్టి అలాంటప్పుడు కౌంటర్ ఒక్కటే రాస్తుంది, గోదాము నుంచి మళ్లీ చీటీలే.

డ్రైవ్ గురించి చెప్పాల్సినవి తక్కువ, కానీ గట్టివి. ఉచితంగా వచ్చే 15 జీబీ డ్రైవ్‌కు ఒక్కదానికే కాదు, జీమెయిల్‌కూ ఫోటోలకూ కలిపి. షీట్లు తినేది పిసరంత. తక్‌పట్టీల (అమ్మకం లెక్క చీటీల) ఫోటోలు తీసి పెడితే మాత్రం ఒక్కోటి 3 ఎంబీ చొప్పున 5,000 ఫోటోలకే నిండిపోతుంది. నిండితే ఈమెయిళ్లు కూడా ఆగిపోతాయి. మా దుకాణం ఖాతాను వేరుగా తెరిచి, దానిలో ఇంటి ఫోటోలు చేరనివ్వకుండా చూసుకుంటున్నాం. షీటు యజమాని కూడా ఆ ఖాతాయే. గుమాస్తా సొంత ఖాతాలో షీటు తయారైతే ఆ షీటు ఆయనదే అవుతుంది. ఆయన పని మానేసి ఖాతా మూసేస్తే లెక్కలూ ఆయనతోనే పోతాయి. యార్డులో కొత్తగా మొదలుపెట్టే ప్రతి ఒక్కరికీ నేను మొదట చెప్పేది ఇదే. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాలను గూగుల్ తీసేయవచ్చు, కాబట్టి పాత సీజన్ల కోసం వేరే ఖాతా పెట్టి మరిచిపోవడమూ మంచిది కాదు.

పంచుకునేటప్పుడు లింక్ ఉన్న ఎవరైనా తెరవవచ్చు అనే ఎంపికను ఎప్పుడూ వాడకూడదు. రైతుల ఖాతా నంబర్లు అందులో ఉన్నాయి. ఒక వాట్సాప్ సందేశం ఫార్వర్డ్ అయితే అవన్నీ ఊరి మీద పడతాయి. ఒక్కొక్కరి ఈమెయిల్ పేరుతోనే అనుమతి ఇవ్వాలి. రెండంచెల ధ్రువీకరణ పెట్టి, దానితో వచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద అచ్చు వేసి బీరువాలో ఉంచాలి. ఫోను పోయిన రోజున అవే తలుపు తీస్తాయి.

డ్రైవ్‌లో ఉంటే భద్రమేనని చాలామంది అనుకుంటారు. కొంతవరకే. దుకాణం కంప్యూటర్ పాడైతే డ్రైవ్ కాపాడుతుంది. కానీ యజమాని ఖాతా నుంచి ఎవరైనా ఫైలును తీసేస్తే అది అన్ని చోట్లా పోతుంది, చెత్తబుట్టలో 30 రోజులు ఉండి ఆ తర్వాత శాశ్వతంగా పోతుంది. కాబట్టి ప్రతి నెలాఖరునా ఎక్సెల్ రూపంలో ఒక ప్రతి దింపి బయటి డిస్కులో పెట్టాలి, ఆ డిస్కు దుకాణంలో కాకుండా ఇంట్లో ఉండాలి. 2023 జులై వానల్లో వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. కంప్యూటర్, డిస్కు, చిట్టా ఒకే గదిలో నేల మీద ఉంటే మూడూ ఒకేసారి తడుస్తాయి.

కాగితం అవసరం మాత్రం పోలేదు, పోకూడదు కూడా. రైతు చేతికి చీటీ ఇవ్వాల్సిందే. షీట్స్ ప్రింటు కిటికీలో కాగితం కొలతను మనమే ఇచ్చుకునే వీలుంది కాబట్టి చిన్న రోల్ ప్రింటర్ మీద కూడా తెలుగులోనే అచ్చు వేస్తున్నాం. ఆ ప్రింటర్ వాడే థర్మల్ కాగితం మీది అచ్చు ఎండకూ వేడికీ వెలిసిపోతుంది, చొక్కా జేబులో పెట్టుకుని ఊరు చేరేవాళ్లకు అది సరిపోదు. పెద్ద మొత్తాలకు మామూలు కాగితం మీద, కూడిక వరసలన్నీ కనిపించేలా వేసి ఇస్తున్నాం. మార్కెట్ కమిటీకి ఇవ్వాల్సిన రికార్డులు వేరు, షీటు వాటికి బదులు కాదు.

ఒకే కంప్యూటర్, లెక్క రాసే మనిషి కూడా ఒక్కరే ఉన్న చిన్న దుకాణానికి నేను షీట్స్‌ను మొదటగా చెప్పను. లిబ్రేఆఫీస్ కాల్క్ తీసుకోండి. అదీ ఉచితమే, నెట్ అక్కర్లేదు, ఎక్సెల్ ఫైళ్లను తెరుస్తుంది. నెలాఖరు ప్రతి తీసి ఇంట్లో పెట్టే అలవాటు దానికీ కావాలి. రౌండప్, రౌండ్‌డౌన్ అందులోనూ అదే పేర్లతో ఉన్నాయి, పైసలు రైతు వైపు సర్దడానికి ఇబ్బంది లేదు.